గడియ

తెలుగులో గడియ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. రోజుకు 60 గడియలు, గడియకు 24 నిమిషాలు. ఇది కాలం లెక్క. తలుపుకు లోపలి నుంచి పెట్టుకునేదీ గడియే. పరీక్ష గడువు తరుముకొస్తుంటే సమయాన్ని చిన్న చిన్న ముక్కలు చేసుకుని చదవడం గురించి, ఆడవాళ్లు అలా చదువుకున్న చరిత్ర గురించి రాద్దామని కూర్చున్నాను. మొదటి గడియ గురించే రాయాలనుకున్నాను. రాస్తుంటే రెండోది మాటిమాటికీ అడ్డొచ్చింది.

2025 ఏప్రిల్ 20న ఆంధ్రప్రదేశ్‌లో మెగా డిఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. 16,347 టీచరు పోస్టులు. జూన్ 6 నుంచి పరీక్షలు. మధ్యలో ఉన్నవి 47 రోజులు. అంతకుముందు నోటిఫికేషన్ 2018లో వచ్చింది. 2024 ఫిబ్రవరిలో ఇంకొకటి వచ్చి రద్దయిపోయింది. అంటే దాదాపు ఏడేళ్లు ఎదురుచూసిన వాళ్లకి చదువుకోను ఏడు వారాలు కూడా నిండా దొరకలేదు. గడువు పెంచమని అభ్యర్థులు అడిగారు. పెంచలేదు. అబ్బాయిలకూ అమ్మాయిలకూ గడువు ఒకటే కదా అంటారు. నిజమే, కాగితం మీద ఒకటే. కానీ ఈ ఏడేళ్లలో ఎందరు అమ్మాయిలకు పెళ్లిళ్లయి ఉంటాయి, ఎందరికి పిల్లలు పుట్టి ఉంటారు! ట్రైనింగు చేసేటప్పుడు పుస్తకం తప్ప మరో ధ్యాస లేని పిల్ల నోటిఫికేషన్ వచ్చేనాటికి చంకలో బిడ్డతో, పొయ్యి మీద ఎసరుతో ఉంది.

అదీగాక మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వైపు ఏప్రిల్, మే నెలలంటే ఏమిటో ఆ ఊళ్లవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎండ ఒక ఎత్తు, నీళ్లు ఒక ఎత్తు. ట్యాంకరు ఎప్పుడొస్తే అప్పుడు బిందెలు తీసుకుని పరుగెత్తాలి. బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉన్నచోట తాగేందుకు వేరే నీళ్లు తెచ్చుకోవాలి. గడువుల మాట వచ్చింది కనుక ఒకటి గుర్తు చేయాలి. ఈ ప్రాంతానికి కృష్ణ నీళ్లు తెస్తామన్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. ఆ ఏడు పుట్టిన ఆడపిల్ల 2025లో డిఎస్సీ రాసింది. అప్పటికీ ఆ నీళ్లు పొలాలకు రాలేదు. ప్రభుత్వం తన గడువులను ఎన్నిసార్లయినా జరుపుకోగలదు. పరీక్ష రాసేవాళ్ల గడువే జరగదు.

ఇలాంటప్పుడు కోచింగ్ సెంటర్లలోనూ పుస్తకాల్లోనూ అందరూ చెప్పే సలహా ఒకటుంది. 25 నిమిషాలు అలారం పెట్టుకో, ఒకే పని మీద మనసు పెట్టు, అలారం మోగాక 5 నిమిషాలు లేచి తిరుగు, మళ్లీ 25 నిమిషాలు. అలా నాలుగు సార్లయ్యాక కాస్త ఎక్కువసేపు విశ్రాంతి తీసుకో. దీన్ని పొమొడోరో పద్ధతి అంటారు. 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాన్సిస్కో సిరిల్లో అనే విద్యార్థి చదువు మీద మనసు నిలవక తంటాలు పడుతూ వంటింట్లో వాడే టైమర్ ఒకటి ముందు పెట్టుకున్నాడు. ముందు పది నిమిషాలైనా నిజంగా చదవగలనా అని తనకు తానే పందెం కట్టుకున్నాడు. ఆ టైమర్ టమాటా ఆకారంలో ఉండేది. ఇటాలియన్‌లో పొమొడోరో అంటే టమాటా. పేరు అలా వచ్చింది.

ఈ కథలో అందరూ టమాటాను చూసి ముచ్చటపడతారు. నాకు మాత్రం ఆ టైమర్ వంటింటిది కావడం దగ్గరే చూపు ఆగిపోయింది. వంట కోసం కాలాన్ని కొలిచే వస్తువును ఒక కుర్రవాడు చదువు బల్ల మీదికి తెచ్చుకున్నాడు, దాంతో అతనికి ఏకాగ్రత కుదిరింది. ఆడవాళ్లు ఈ పని ఎప్పటి నుంచో తిరగేసి చేస్తున్నారు. వాళ్లు టైమరును చదువు దగ్గరికి తేలేదు, చదువునే పొయ్యి దగ్గరికి తెచ్చుకున్నారు. మూడు విజిళ్లు వచ్చేలోపు ఒక పేజీ. అన్నం వార్చేలోపు నాలుగు బిట్లు. ముక్క సైజు చదువు నిర్ణయించలేదు, కుక్కర్ నిర్ణయించింది.

పాతకాలంలో మన దగ్గర గడియను నీటితో కొలిచేవారు. అడుగున సన్నని బెజ్జం ఉన్న గిన్నెను నీళ్లలో వదిలితే అది నిండి మునగడానికి పట్టే కాలం ఒక గడియ. గడియారం అనే మాట వచ్చింది ఈ గడియ నుంచే. లీలావతి కథ చాలామందికి తెలుసు. ఫైజీ పారశీక అనువాదంతో ప్రచారంలోకి వచ్చిన కథ. పెళ్లి ముహూర్తం కోసం పెట్టిన నీటి గడియారంలోకి ఆ పిల్ల కుతూహలంగా తొంగిచూసిందట, ఆమె నగలోని ముత్యం జారి బెజ్జానికి అడ్డం పడిందట, ముహూర్తం దాటిపోయిందట. తండ్రి భాస్కరాచార్యుడు ఆమెను ఓదార్చడానికి గణిత గ్రంథానికి ఆమె పేరు పెట్టాడట. కథే కావచ్చు. కానీ కాలం ఎలా కొలుస్తారో చూడబోయిన ఆడపిల్లకు శిక్ష పడ్డట్టు కథ అల్లడం ఊరికే జరగదు. "గడియ తీరిక లేదు, గవ్వ ఆదాయం లేదు" అనే సామెత కూడా మనదే. ఇంటి చాకిరీకి ఇంతకన్నా సరైన నిర్వచనం అర్థశాస్త్ర పుస్తకాల్లో నాకు దొరకలేదు.

చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్ 1967లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఫ్యాక్టరీలు వచ్చాక మనుషుల కాలం పనిని బట్టి కాక గడియారాన్ని బట్టి నడవడం మొదలైందని చూపించాడు. చంటిపిల్లల తల్లుల పని మాత్రం పూర్తిగా గడియారం కిందికి రాలేదని కూడా అందులోనే గమనించాడు. బిడ్డ ఏడ్చినప్పుడు పాలివ్వాలి, పాలు పొంగినప్పుడు దించాలి. అందుకే స్త్రీల చదువు చరిత్ర నిండా దొంగిలించిన సమయాలే కనిపిస్తాయి. బెంగాల్‌లో రాససుందరీ దేవి పుస్తకంలోంచి చింపిన ఆకును వంటింట్లో దాచుకుని అక్షరాలు కూడబలుక్కుంది. మన భండారు అచ్చమాంబ పదేళ్ల వయసులో పెళ్లయి, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. ఆమె 1901 నాటికి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాయగలిగింది. వీళ్లను గొప్పవాళ్లుగా కొలుస్తాం, బాగానే ఉంది. ఆ ఇళ్లలోనే, ఆ పొయ్యిల దగ్గరే కూర్చుని ఒక్క గడియ కూడా దొంగిలించలేకపోయిన వాళ్ల లెక్క ఎవరి దగ్గరుంది?

ఆ లెక్క కోసం వెతికితే మార్కాపురం పలకలు గుర్తొస్తాయి. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు ప్రాంతాల శిలల మీద రాసిన గ్రంథంలో ఇక్కడి పొరలు పొరలుగా చీలే రాతికి కంభం పేరే పెట్టాడు. అప్పట్లో మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవి. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు కలిశాయి, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. ఆ రాయిని తవ్వి, పొరలుగా చీల్చి, కొలతకు కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగిస్తే బడిపిల్లల పలక. మన తరంలో అ ఆ దిద్దినవాళ్లలో ఎందరో ఈ రాతి మీదే దిద్దారు.

1986లో బాల కార్మిక చట్టం, 1987లో జాతీయ విధానం వచ్చాయి. ఆ తర్వాత 1988లో మొదలుపెట్టిన జాతీయ బాల కార్మిక ప్రాజెక్టుల తొలి విడత జాబితాలో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు, మీర్జాపూర్ తివాచీలతో పాటు మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఉంది. దేశంలోని పిల్లలు దిద్దే పలకలు తయారుచేసే చోట పిల్లలు బడికి పోవడం లేదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. పని మాన్పించిన పిల్లలకు ప్రత్యేక బడులు పెట్టారు. ఆ పథకం 2021లో సమగ్ర శిక్షలో కలిసిపోయింది. ఈలోగా నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి రాతి పలకకు గిరాకీ పడిపోయింది. అదే రాయి ఇళ్ల గోడలకూ నేలకూ అంటించే బండలుగా ఎగుమతి బాట పట్టింది.

పలకల పని ఇక్కడెందుకంటే, ఏకాగ్రత అనేది మనిషి లోపల ఉండే గుణం అన్నట్టు మాట్లాడతారు కాబట్టి. ముక్కల లెక్కన కూలి కట్టే ఏ పనిలోనైనా తల్లి చేతులతో పాటు పిల్లల చేతులూ లెక్కలోకి వస్తాయి. అక్కడ ఆగితే కూలి ఆగుతుంది. రాయి పొర విరగకుండా చీల్చే చేతికి ఏకాగ్రత లేదని ఎవరు అనగలరు? ఆ ఏకాగ్రతను ఎవరు కొనుక్కున్నారు అన్నదే అడగాల్సింది.

గడియను దొంగిలించడం కాకుండా, ఆడవాళ్లకు దాన్ని ఏర్పాటు చేసి ఇవ్వవచ్చునని ఆలోచించిన మనిషి దుర్గాబాయి. 1909లో రాజమండ్రిలో పుట్టింది, ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు, పెద్దయ్యాక ఆ పెళ్లిని కాదంది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి వచ్చాక బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్‌కు ప్రైవేటుగా చదివింది. ఆ తర్వాత ఎమ్మే, లా. తను పడ్డ పాట్లు గుర్తుండబట్టే కాబోలు, మద్రాసులో ఆంధ్ర మహిళా సభలో 1940లలో ఆడవాళ్లను అదే మెట్రిక్ పరీక్షకు తయారుచేయడం మొదలుపెట్టింది. ఆ అనుభవంలోంచే 1958లో, ఆమె అధ్యక్షురాలిగా ఉన్న కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ద్వారా వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు వచ్చాయి. చిన్నప్పుడు బడి మానేసిన వాళ్లు, వితంతువులు, భర్తలు వదిలేసిన వాళ్లు రెండేళ్లలో పరీక్షకు తయారు కావాలి. ఎన్నో ఏళ్ల చదువు రెండేళ్లకు కుదించడమంటే అసలైన గడువు ఒత్తిడి అది. కానీ ఒత్తిడి పెట్టి వదిలేయలేదు. వసతి, భోజనం, స్టైపెండు ఇచ్చి నడిపిన కోర్సులు చాలా ఉన్నాయి. అన్నం ఎవరో వండి పెడితే, గంట కొట్టినప్పుడు లేచి పుస్తకం తెరవడమే ఆమె పని. కాలాన్ని కుదించడానికి ముందు చాకిరీని తొలగించారు. ఈ వరస మనం మర్చిపోయాం. ఇప్పుడు చాకిరీని అలాగే ఉంచి కాలాన్ని మాత్రం కుదించుకోమంటున్నాం.

వసతి లేని చోట ఏం జరిగిందో చూడాలంటే రాత్రి బడుల దగ్గరికి రావాలి. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ వచ్చింది. 1990 తర్వాత జిల్లాల వారీగా సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమాలు నడిచాయి. మూడు వాచకాలు, మొత్తం 200 గంటల చదువు. అంతకుముందు దీనికి 500 గంటల దాకా పట్టేది, దాన్ని తగ్గించి తయారుచేసిన పద్ధతి. రోజుకు గంటన్నర లెక్కేసుకున్నా నాలుగున్నర నెలలు. పగలంతా కలుపు తీసి, సంగటి వండి, పిల్లలకు పెట్టి, గిన్నెలు కడిగి, లాంతరు దగ్గరికి వచ్చి కూర్చునే గంటన్నర. జీవితంలో మొదటిసారి ఊరి ఆడవాళ్లకు 'ఇది నా సమయం' అని పదిమంది ముందు ప్రకటించుకునే వీలు దొరికింది.

నెల్లూరు జిల్లా దూబగుంటలో ఏం జరిగిందో తెలుసు. వాచకంలోని సీతమ్మ కథ చదివి ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారని, రోశమ్మ పేరుతో సహా, ఎందరో రాశారు. నెల్లూరు మనకు పరాయిది కాదు, కనిగిరి, పొదిలి 1970 దాకా ఆ జిల్లావే. 1992 ఆఖరుకు ఉద్యమం జిల్లాలన్నీ దాటి పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. అయితే ఆ కథల్లో వచ్చే ఒక చిన్న సంగతిని మనం తొందరగా దాటేస్తామనిపిస్తుంది. తాగొచ్చిన మగవాళ్లు రాత్రి బడి దగ్గర గొడవ చేసేవాళ్లు. పాఠం సాగనిచ్చేవాళ్లు కాదు. సారా దుకాణం మీదికి నడవడానికి కూలి డబ్బులు, తన్నులు, ఆకలి ఎన్ని కారణాలో, ఆ గంటన్నర చెడిపోవడమూ ఒక కారణం. సారా వ్యతిరేక ఉద్యమాన్ని కుటుంబాన్ని నిలబెట్టుకునే పోరాటంగా రాశారు, హింసకు ఎదురుతిరిగిన పోరాటంగా రాశారు. చదువుకునే గడియకు లోపలి నుంచి గడియ పెట్టుకునే పోరాటంగా కూడా చదవాలని నా మనవి. తలుపు లేని బడికి గడియ ఎలా పెడతారు? ఊరి చివర దుకాణం మూయించి పెట్టారు.

2004 నుంచి వచ్చిన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, అంతకుముందే ఉన్న సంక్షేమ హాస్టళ్లు, గురుకులాల్లో స్టడీ అవర్ ఉంటుంది. గంట కొడతారు, చదువుతారు. ఆ క్రమశిక్షణ మీద నాకు అభ్యంతరాలు లేకపోలేదు, అదో పెద్ద చర్చ. కానీ అక్కడ చదివి వచ్చిన ఆడపిల్లలు చాలామంది చెప్పేది ఒకటే: అక్కడ స్టడీ అవర్ మధ్యలో "నీళ్లు పట్టుకురా" అని ఎవరూ పిలవరు.

2019 కాల వినియోగ సర్వేలో ఇంటి చాకిరీ చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. 2024 సర్వేలో 289, 88. ఐదేళ్లలో ఆడవాళ్లకు పది నిమిషాలు మిగిలాయి. మగవాళ్లకూ తొమ్మిది మిగిలాయి, పాపం! 289 నిమిషాలంటే పన్నెండు గడియలు. ఇవి వరసగా ఉండవు, రోజంతా చల్లినట్టు పడి ఉంటాయి. చదువుకునేవాళ్ల కష్టం అక్కడుంది.

అందుకని ఈ 25 నిమిషాల పద్ధతి పనికిరాదని నేననను. పనికొస్తుంది. పెద్ద సిలబస్‌ను చూసి బెదిరిపోయిన మనసుకు "ఈ ఒక్క పాఠం, ఈ ఒక్క గడియ" అనుకోవడం నిజంగా ధైర్యమిస్తుంది. 47 రోజుల్లో రోజుకు ఆరు ముక్కలు దొరికినా 282 ముక్కలు. తక్కువేమీ కాదు. అయితే పద్ధతి చెప్పేవాళ్లు రెండు విషయాలు చెప్పరు. ఒకటి, మధ్యలో వచ్చే ఆ 5 నిమిషాలు. అబ్బాయికి అది విశ్రాంతి. అమ్మాయి లేచిందంటే అంట్లు కనిపిస్తాయి, ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. ఐదు నిమిషాలు నలభై అవుతాయి. లేవకుండా కూర్చున్న చోటే కళ్లు మూసుకోవడం మేలు.

రెండోది, సగంలో ఆగిన పని. 1927లో బ్లూమా జైగార్నిక్ అనే మహిళా శాస్త్రవేత్త బెర్లిన్‌లో కుర్ట్ లెవిన్ దగ్గర చేసిన ప్రయోగాల్లో, పూర్తయిన పనులకంటే మధ్యలో ఆపించిన పనులే మనుషులకు బాగా గుర్తున్నాయని గమనించింది. తర్వాతి ప్రయోగాలన్నీ దాన్ని బలపరచలేదు గానీ ఇంట్లో చదువుకునే ఏ ఆడమనిషినైనా అడగండి, పప్పులో ఉప్పు వేశానా లేదా అన్నది బాలల మనోవికాసం పాఠాన్ని ఎలా మింగేస్తుందో చెబుతుంది. పుస్తకం తెరవడానికి ముందు బుర్రలో తిరుగుతున్న పనులన్నీ ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టడం, లేవాల్సి వస్తే ఎక్కడ ఆపామో ఒక్క వాక్యం రాసి లేవడం కొంత మేలు చేస్తుంది. ఇంకా మేలు చేసేది, ఆ కాగితాన్ని ఇంట్లో మరొకరి చేతికివ్వడం. వర్జీనియా వుల్ఫ్ 1929లో ఆడవాళ్లు రాయాలంటే సొంత డబ్బు, తాళం వేసుకునే గది కావాలన్నది. గిద్దలూరులో రెండు గదుల ఇంట్లో అత్త, మామ, భర్త, ఇద్దరు పిల్లలు ఉన్న చోట గది మాట ఎత్తలేం.

మా అక్క కూతురు ఆ రెండు గదుల ఇంట్లోనే చదివింది. లోపలి గది తలుపుకు గడియ ఊడిపోయి ఎన్నాళ్లో అయింది. అలారం పెట్టుకునేది, మోగేలోపు నాలుగుసార్లు తలుపు తోసేవాళ్లు. ఒకరోజు పెద్దవాడి పాత రాతి పలక మీద "ఏడు దాకా నేను లేను" అని రాసి తలుపుకు తగిలించింది. మామ చూసి నవ్వాడట. భర్త, ఇదేం చోద్యం అన్నాడట. అత్త ఎప్పుడో రాత్రి బడిలో మూడు నెలలు కూర్చుని తర్వాత మానేసిన మనిషి. పలక ముందు నిలబడి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకే చదివింది. చదివి, లోపలికి పోబోతున్న చిన్నవాణ్ణి రెక్క పట్టుకుని వెనక్కి లాగి, "రేయ్, మీయమ్మ లేదంట, కనపల్లా? పొయ్యి మీద పాలున్నాయి, నేనిస్తా రా" అంది.

ఆ డిఎస్సీలో మా పిల్లకు ఉద్యోగం రాలేదు, కొద్దిలో పోయింది. పలక ఇంకా తలుపుకే ఉందట. ఈమధ్య టైం వేయడం మాత్రం అత్తే చేస్తోందట, అంకెలు వంకరగా.